"ఇంటర్వెల్‌లో తప్ప ఒంటికి పంపం" అంటున్నారు. 210 మంది ఆడపిల్లలు, 5 మరుగుదొడ్లు. మీటింగులో ఏం అడగాలి?

ఎస్ఎంసి_అమ్మ
మా ఊరి హైస్కూల్లో ఈ నెల నుంచి కొత్త రూలు. పాఠం జరుగుతుండగా ఎవర్నీ ఒంటికీ రెంటికీ పంపరు, బెల్లు కొట్టాకే వెళ్లాలి. పొద్దున 10 నిమిషాలు, మధ్యాహ్నం 10 నిమిషాలు, నడుమ భోజనానికి 45. మొత్తం 412 మంది, ఆడపిల్లలు 210. వాళ్లకి దొడ్లు 5. మగపిల్లల సంగతి మళ్లీ మాట్లాడుకుందాం, వాళ్లకి గోడ ఉంది.
శనివారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ (ఎస్ఎంసి) మీటింగు. "పిల్లలు ఇబ్బంది పడుతున్నారు" అంటే "మేమంతా అలాగే చదువుకున్నాం" అనే జవాబొస్తుంది. కాబట్టి ఓదార్పులొద్దు. కాగితం మీద రాసి ముందు పెట్టగలిగే లెక్కలు, పనులు చెప్పండి.

లెక్కల_మాస్టారు
రూలు పెట్టినవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. పీరియడు 45 నిమిషాలు. హాజరు, హోంవర్కు పోగా పాఠానికి మిగిలేది 35. ఒకడు చిటికెనవేలు చూపిస్తే వెనకే నలుగురు చూపిస్తారు. వెళ్లినవాడు 2 నిమిషాల్లో పని ముగించి 12 నిమిషాలు కుళాయి దగ్గర ఆడతాడు. ఆ 12 నిమిషాల్లో వాడు కాలు జారి పడితే అడిగేది నన్నే. అడిగిన ప్రతివాడికీ సరే అంటే ఆ పీరియడ్లో సూత్రం ఎక్కదు, భిన్నం ఎక్కదు.

చిటికెనవేలు
హోంవర్కు నోటుబుక్కు తియ్యమనగానే ఒంటికి వస్తుంది. దాని మీద పరిశోధన ఎవరూ ఎందుకు చెయ్యట్లేదో.

పిల్లల_డాక్టరు
మాస్టారూ, చెయ్యెత్తిన వాడిలో నిజంగా అవసరమున్నవాడెవడో మీరు చూసి చెప్పలేరు. నేనూ చెప్పలేను. లెక్క మాత్రం ఉంది. పిల్లల మూత్రాశయం పట్టేది సుమారుగా (వయసు + 2) × 30 మి.లీ. ఆరేళ్ల పిల్లకి 240, పదేళ్ల పిల్లకి 360. పదేళ్ల పిల్లకి మూడు గంటల్లో ఒంటికి రావడం మామూలే. మెలకువగా ఉన్నంతసేపు రెండు, మూడు గంటలకోసారి వెళ్లడం ఆరోగ్యం. రోజుకి 4 నుంచి 7 సార్లు సహజం.
ఇప్పుడు ఆటో లెక్క కూడా కలపండి. 8కి ఆటో ఎక్కి 4:45కి దిగే పిల్లకి అది దాదాపు 9 గంటలు. బళ్లో వీలు కాకపోతే ఆ 9 గంటలూ బిగబట్టుకోవడమే.
బిగబట్టడం అలవాటైతే జరిగేదేమిటంటే, వదలాల్సిన కండరం వదలడం మర్చిపోతుంది. ఇంటికొచ్చి వెళ్లినా పూర్తిగా ఖాళీ అవదు. అడుగున నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిది, మలద్వారానికి దగ్గర. అందుకే ఇన్ఫెక్షన్లు వాళ్లకే ఎక్కువ. మంట, పొట్ట కింద నొప్పి, చలి జ్వరం, చెడ్డీ తడి కనపడితే మూత్ర పరీక్ష చేయించాలి.

ఒకటో_తరగతి_టీచరమ్మ
డాక్టరు గారు రెంటికి సంగతి వదిలేశారు. చిన్నపిల్లల్లో అసలు గొడవ అదే. బళ్లో కూర్చోవడానికి సిగ్గు, భయం. ఆపుకుంటారు, గట్టిపడుతుంది, మర్నాడు నొప్పి, ఆ భయానికి మళ్లీ ఆపుకుంటారు.

పిల్లల_డాక్టరు
అవును, ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. పేగు చివర గట్టి మలం పేరుకుంటే ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. కొద్దిగా నిండగానే అర్జంటు అనిపిస్తుంది. మాటిమాటికీ వేలెత్తే పిల్లల్లో చాలామందికి మందు మూత్రానికి కాదు, మలబద్ధకానికి ఇవ్వాలి. ఇంకొన్నాళ్లు పోతే గట్టి మలం పక్కనుంచి పలుచటిది కారి బట్టలు పాడవుతాయి. దాన్ని బద్ధకమనో, పొగరనో తిడతారు. ఆ పిల్లకి తెలియకుండానే జరిగేది అది.
ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. టిఫిను తిన్న 20, 30 నిమిషాల్లో పేగు కదులుతుంది. ఆ సమయంలో పిల్ల ఆటోలో ఉంటే అవకాశం పోయినట్టే. టిఫిను కాస్త ముందుకు జరిపి, బడికి బయల్దేరేముందు 5 నిమిషాలు కూర్చోబెట్టండి. వెస్టర్న్ సీటైతే కాళ్ల కింద పీట వేయండి.

పీఈటీ_సారు
తరగతిలో గమనించడానికి ఒక గుర్తు. ఆడపిల్ల ఉన్నట్టుండి ఒక మడమ మీద గొంతుక్కూర్చుని కదలకుండా ఉంటే ఆటలో అలసట అనుకుంటారు. చాలాసార్లు అది ఆపుకోవడం. కాళ్లు మెలేసి నిలబడ్డా అంతే. మాట్లాడకుండా దొడ్ల వైపు చెయ్యి చూపిస్తే చాలు.

లెక్కల_మాస్టారు
సరే, ఇంటర్వెల్ ఉందిగా. 10 నిమిషాలు ఇస్తున్నాం, లంచ్ ఉంది. వెళ్లమనండి.

రిటైర్డ్_హెచ్ఎం
లెక్కల మాస్టారు లెక్క వేయకుండా మాట్లాడితే ఎలా? 210 మంది, 5 దొడ్లు, 10 నిమిషాలు. మీరే వేయండి.

లెక్కల_మాస్టారు
వేశాను. కొంచెం ఇబ్బందిగానే ఉంది.
బెల్లు కొట్టాక మేడ దిగి వరుసలో నిలబడటానికి 2 నిమిషాలు, వెనక్కి రావడానికి 2. మిగిలింది 6. పంజాబీ డ్రస్సు బొందు విప్పి, కూర్చుని, కడుక్కుని, నీళ్లు పోసి, మళ్లీ కట్టుకుని బయటికి రావడానికి మనిషికి 2 నిమిషాలు తక్కువ కాదు. దొడ్డికి ముగ్గురు. అయిదింటికి 15 మంది.
లంచ్ 45లో అన్నం లైను, తినడం, కంచం కడగడం పోగా 20 మిగులుతాయనుకుందాం. దొడ్డికి 10 మంది, మొత్తం 50. మధ్యాహ్నం బెల్లుకి ఇంకో 15.
రోజంతటికీ 80. ఒక్కొక్కరు ఒక్కసారే వెళ్లినా 130 మందికి వంతు రాదు. ఒక దొడ్డికి గడియ ఊడితే 80 కాస్తా 64.

చిటికెనవేలు
అందుకే టెన్త్ లెక్కల్లో సంభావ్యత పెట్టారు. "ఒక బాలికకు ఇంటర్వెల్‌లో వంతు దొరికే సంభావ్యత ఎంత?" 2 మార్కులు.

ఎస్ఎంసి_అమ్మ
మాస్టారూ, ఈ పోస్టు ఉన్నదున్నట్టు ప్రింటు తీసి పట్టుకెళ్తున్నా.
ఒక అనుమానం. 40 మందికి ఒకటి చాలని ఎక్కడో చదివాను. 5 ఇంటూ 40 అంటే 200. "నిబంధన ప్రకారం దాదాపు సరిపోయింది" అంటారేమో?

రిటైర్డ్_హెచ్ఎం
అంటారు. అక్కడే చాలామంది బోల్తా పడతారు. 2014 స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాల్లో 40 మందికి ఒక "యూనిట్" అని ఉంది. యూనిట్ అంటే ఒక్క మరుగుదొడ్డి కాదు. ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు కలిపి యూనిట్. 210ని 40తో భాగిస్తే 5కి పైన, అంటే 6 యూనిట్లు. 6 దొడ్లు, 18 మూత్రశాలలు. మీ దగ్గర దొడ్లు 5, మూత్రశాలలు సున్నా.
ఆడపిల్లల వైపు మూత్రశాలలు కట్టడమే మర్చిపోతారు మనవాళ్లు. అవి మగపిల్లల లాగా గోడకి తగిలించే తెల్ల గిన్నెలు కావు. నేల మీద కూర్చునేవి, మధ్య మధ్య అడ్డుగోడలు, వెనకాల వాలు కాలువ. మనిషికి సుమారు 60 సెం.మీ. వెడల్పు చాలు. 12 అడుగుల గోడుంటే ఆరు పడతాయి.

నల్లా_మేస్త్రి
హెచ్ఎం సారు చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుత. కాలువకు వాలు మంచిగ పెట్టకుంటే కంపు పోదు. 40 ఇంచులకు ఒక ఇంచు దిగాలె. కాలువ చివర నహానీ ట్రాప్, అంటే జాలీ కింది గిన్నె ఉండాలె, దాంట్ల ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలె. సెలవులల్ల ఆ నీళ్లు ఎండిపోతయి, అప్పుడు డ్రైనేజీ గ్యాసు సీదా లోపలికొస్తది. దసరా సెలవుల తర్వాత మొదటి రోజు కంపు కొట్టేది అందుకే. యాసిడ్ కొట్టుడు కాదు, ప్రతి ట్రాప్‌ల రెండు మగ్గుల నీళ్లు పోస్తే సగం వాసన పోతది.

లెక్కల_మాస్టారు
ఆరు మూత్రశాలలు, మనిషికి నిమిషం అనుకుంటే ఇంటర్వెల్‌కి అదనంగా 36 మంది. 15 కాస్తా 51 అవుతుంది. కట్టడానికి ఎప్పటికవుతుందో తెలియదు గానీ.

రిటైర్డ్_హెచ్ఎం
కట్టేలోపు రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది. బెల్లు విడగొట్టండి. 6, 7 తరగతులకి రెండో పీరియడ్ తర్వాత, 8, 9, 10కి మూడో పీరియడ్ తర్వాత. అవే 5 దొడ్లు రెండుసార్లు నిండుతాయి. 15 బదులు 30.

లెక్కల_మాస్టారు
కింద 6, 7 అరుస్తుంటే పైన టెన్త్‌కి పాఠం ఎలా చెప్పాలి? పైగా రెండు తరగతులకీ పాఠం చెప్పే టీచరుకి ఎప్పుడు విరామం?

రిటైర్డ్_హెచ్ఎం
విరామం సంగతి నిజమే. టైంటేబుల్ వేసేటప్పుడు ఇంగ్లీషు, లెక్కల వాళ్లకి మొదట అడ్డొస్తుంది. ఆ పది నిమిషాలకి పీఈటీనో, ఆ పీరియడ్ ఖాళీగా ఉన్నవారినో ఆవరణలో నిలబెట్టాలి. అరుపుల సంగతంటారా, పెద్ద గంట కొట్టకండి. అటెండరు వెళ్లి గుమ్మం దగ్గర చెబితే చాలు. పెద్ద గంట మోగితే మొత్తం బడి లేస్తుంది.

పీఈటీ_సారు
నన్ను ఇరికించారు. సరే, చేస్తాం.

డాలస్_నాన్న
ఇక్కడ చాలా స్కూళ్లలో హాల్ పాస్ ఉంటుంది. నోటితో అడగక్కర్లేదు, తలుపు దగ్గరున్న పాస్ తీసుకుని వెళ్లడమే. పాస్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఒకరొచ్చాకే ఇంకొకరు. మాస్టారు చెప్పిన "వెనకే నలుగురు" సమస్య దానితో పోతుంది.

చిటికెనవేలు
పాసుకి పాస్. మన భాషలో ఈ పథకానికి ముందే పేరు పెట్టి ఉంచారు పెద్దలు.

ఒకటో_తరగతి_టీచరమ్మ
😂 నవ్వు ఆపుకున్నాక చెబుతున్నా. పాస్ పని చేస్తుంది గానీ వివరాలు చూసుకోవాలి.
తరగతికి రెండు, ఒకటి ఆడపిల్లలకి, ఒకటి మగపిల్లలకి. చెక్క ముక్క, అరచేయంత, పైన చిల్లు, తాడు. మీద పెద్దగా తరగతి పేరు. అట్టముక్క పెడితే వారంలో తడిసిపోతుంది. ఆడపిల్లలది ఎర్ర రంగు వేసి "లేడీస్" అని రాసి ఎగతాళికి వీలివ్వకండి. రెండూ ఒకేలా ఉండాలి.
దాన్ని దొడ్డి లోపలికి తీసుకుపోకూడదు. బయట గోడకి వరుసగా మేకులు కొట్టండి, అక్కడ తగిలించి లోపలికెళ్లాలి. లేకపోతే మొదటి రోజే బేసిన్‌లో పడుతుంది. మేకుల మీద ఎన్ని వేలాడుతున్నాయో చూస్తే లోపల ఎందరున్నారో ఆయాకీ తెలుస్తుంది.
పాస్ తీసుకున్న పిల్ల 10 నిమిషాలకి రాకపోతే ఇంకో పిల్లని పంపి చూడాలి. తిట్టడానికి కాదు. గడియ ఇరుక్కుపోయి లోపల ఏడుస్తూ ఉండొచ్చు.

లెక్కల_మాస్టారు
నెలకి మూడుసార్లే అని పరిమితి పెడితే? వాడనివాళ్లకి రెండు మార్కులు కలపొచ్చు. అమెరికాలో కొందరు టీచర్లు అలా చేస్తారని విన్నా.

డాలస్_నాన్న
చేస్తారు కొందరు. తల్లిదండ్రులు గట్టిగానే గొడవపడతారు కూడా. మార్కుల కోసం మంచి పిల్లలే బిగబట్టుకుంటారు, తిరిగేవాడు ఎలాగూ తిరుగుతాడు. జబ్బున్న పిల్లలకైతే డాక్టరు ఉత్తరంతో 504 ప్లాన్ అని రాయించుకోవచ్చు. అందులో "ఎప్పుడు కావాలంటే అప్పుడు బాత్రూమ్" అని ఉంటే ఏ టీచరూ ఆపకూడదు.

పిల్లల_డాక్టరు
మార్కులు కలపడం అనే ఆలోచన దయచేసి ఇక్కడే ఆపేయండి మాస్టారూ. నెలసరిలో ఉన్న పిల్ల ఆ రెండు మార్కులు ఎలా తెచ్చుకుంటుంది?
ఇంకొకటి, ఇది టీచర్లందరూ గోడ మీద రాసుకోవాలి. ఇదివరకు మామూలుగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి గంటకోసారి ఒంటికంటూ, సీసాలకి సీసాలు నీళ్లు తాగుతూ, చిక్కిపోతూ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలెట్టిందంటే అది నాటకం కాదు. టైప్ 1 షుగరు కావచ్చు. ఆ రోజే వేలి నుంచి చుక్క తీసి షుగరు చూపించాలి, వారం ఆగకూడదు. వాంతులు, ఆయాసం, మత్తు మొదలైతే ఆసుపత్రి ఎమర్జెన్సీకే. ఇలాంటి పిల్లని "మళ్లీనా, కూర్చో" అన్న టీచరు ఆ సూచనని చూస్తూ చూస్తూ వదిలేసినట్టే.

లెక్కల_మాస్టారు
మార్కుల మాట వెనక్కి తీసుకుంటున్నా. పరిమితి మాటా. ఒక్కటి మాత్రం వదలను, పరీక్ష ప్రశ్నపత్రం ఇచ్చిన మొదటి పది నిమిషాలూ ఎవర్నీ పంపను.

ఒకటో_తరగతి_టీచరమ్మ
ప్రశ్నపత్రం ఇచ్చే ముందే అందర్నీ పంపేయండి. గొడవే ఉండదు.

ఎస్ఎంసి_అమ్మ
ఇంకో మాట వినపడుతోంది. "నీళ్లు తక్కువ తాగి రమ్మనండి" అని. దీనికేమనాలి?

పిల్లల_డాక్టరు
తప్పని చెప్పండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయం గోడని ఇంకా రేపుతుంది, అర్జంటు ఎక్కువవుతుంది. మలం గట్టిపడుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో అయితే వడదెబ్బ. రంగు చూడమనండి. లేత గడ్డి రంగుంటే మంచిది, ముదురు పసుపైతే నీళ్లు చాలట్లేదు. సాయంత్రం సీసా నిండుగా తిరిగొస్తోందంటే పిల్ల బళ్లో దొడ్డికి వెళ్లాల్సొస్తుందని భయపడి తాగట్లేదేమో కనుక్కోండి.

రిటైర్డ్_హెచ్ఎం
2019లో కేరళలో వాటర్ బెల్, అంటే నీళ్లు తాగమని కొట్టే గంట మొదలైంది, తర్వాత మన దగ్గరికీ వచ్చింది. మంచిదే. కానీ నీళ్ల బెల్లు కొట్టి ఒంటేలు బెల్లు కొట్టకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? నీళ్ల బెల్లయిన పీరియడ్ తర్వాతి పీరియడ్‌లో పాస్ అడిగితే అడ్డు చెప్పకూడదని రాయించండి.

నల్లా_మేస్త్రి
అందరూ బెల్లుల గురించే మాట్లాడుతున్నరు. 5 దొడ్లు అంటున్నరు కదా మేడమ్, అందులో నల్లా తిప్పితే నీళ్లొచ్చేవి ఎన్ని? పొద్దున కాదు, మధ్యాహ్నం రెండింటికి పోయి చూసి రాయండి.

ఎస్ఎంసి_అమ్మ
మంచి మాట. ఈ రోజు వెళ్లి చూశాను. రెండింటికి మూడిట్లో నీళ్లు లేవు. ఒకదానికి లోపల గడియ లేదు. పిల్లలు జట్లుగా వెళ్తున్నారు, ఒకరు లోపల, ఒకరు తలుపు పట్టుకుని.

చిటికెనవేలు
అంటే మాస్టారి లెక్కలో మనిషికి 2 నిమిషాలు కాదు, ఇద్దరు మనుషులకి 2 నిమిషాలు.

నల్లా_మేస్త్రి
అనుకున్న. గిది చూడండి.
ఆడపిల్లలు 210, రోజుకు రెండుసార్లు పోయినా 420 సార్లు. మగ్గుతో కడుక్కుని, పోసేసరికి సారికి 5 లీటర్లు. 2,100 లీటర్లు. కడిగేటందుకు ఇంకో 300. పైన 1,000 లీటర్ల ట్యాంకు ఒక్కటి ఉండి, పొద్దున 9కి ఒక్కసారే మోటరేస్తే భోజనం బెల్లు కల్లా ఖాళీ. ఇంకో ట్యాంకు వచ్చేదాక 11:30కి, 1:30కి మోటరు మళ్ల వెయ్యాలె. అటెండరు మరుస్తడు కాబట్టి ట్యాంకుల ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే దానంతట అదే ఆన్ ఆఫ్ అయితది.
ట్యాంకు నిండ నీళ్లున్నా నల్లా రాకుంటే లైన్ల గాలి పట్టింది. ట్యాంకు అడుగుదాకా ఖాళీ అయిన ప్రతిసారి పైపుల గాలి చేరుతది. ట్యాంకు నుంచి దిగే పైపుకు పైకి ఒక గాలి గొట్టం లేపి, ట్యాంకు ఎత్తు దాటించి వదిలెయ్యాలె.
అసలు రోగం ఇంకోటుంది. ఒక దొడ్ల ప్లాస్టిక్ నల్లా పిల్లలు విరగ్గొడతరు. నీళ్లు కారిపోతున్నయని ఎవరో మెయిన్ వాల్వు మూసేస్తరు. ఒక్క నల్లాకు అయిదు దొడ్లు ఎండుతయి. ప్రతి దొడ్డికి బయటి గోడ మీద, పిల్లలకు అందనంత ఎత్తున ఒక బాల్ వాల్వు పెట్టియ్యండి. విరిగినదాన్ని మూస్తే మిగిలిన నాలుగు నడుస్తయి. నల్లాలు ఇత్తడివి, పొట్టి ముక్కువి పెట్టండి. పొడుగు ముక్కు నల్లా మీద పిల్లలు కాలు పెట్టి ఎక్కుతరు.

రిటైర్డ్_హెచ్ఎం
మేస్త్రి గారు చెప్పిన నీళ్లు కనీసం. పగటి బడికి తలకి రోజుకి 45 లీటర్లని ఐఎస్ 1172 అనే భారత ప్రమాణం చెబుతుంది. 412 మందికి 18,540 లీటర్లు. తాగడానికీ, కడగడానికీ, దొడ్లకీ అన్నీ కలిపి. మీటింగులో ఈ అంకె చెప్పి 1,000 లీటర్ల ట్యాంకు వైపు వేలు చూపించండి.

ఒకటో_తరగతి_టీచరమ్మ
గడియ గురించి. చిన్నపిల్లలకైతే 90 సెం.మీ. కన్నా ఎత్తున పెట్టకండి. పెద్ద మనుషుల ఎత్తులో పెడితే మునివేళ్ల మీద లేచి సగమే వేస్తారు, తీయడం రాదు. తలుపు కింద జానెడు ఖాళీ వదిలితే లోపల ఎవరున్నారో కాళ్లు కనపడతాయి, ఇరుక్కున్నా మాట్లాడొచ్చు. వెలుతురు లేకపోతే, బల్లి కనపడితే ఆరేళ్ల పిల్ల లోపలికి వెళ్లదు. పైన అద్దం పలకో, పారదర్శక రేకో వేస్తే పగలు లైటు అక్కర్లేదు.
బట్టలు కూడా చూడండి. బొందు ముడి పడితే తీసుకోలేక తడిపేసుకుంటారు. ఎలాస్టిక్ వేయమని యూనిఫాం కుట్టేవారికి చెప్పండి. హుక్కు బెల్టులు ఒకటో తరగతికి అవసరమే లేదు. బీరువాలో రెండు సైజుల్లో నాలుగు జతలు ఉంచండి. తడిసిపోతే "ఏయ్ చూడండి" అని కాకుండా, పనేదో చెప్పినట్టు పిలిచి ఆయాతో పంపాలి. తడి బట్టలు కవర్లో పెట్టి బ్యాగు అడుగున వేస్తే ఇంటికెళ్లేదాకా ఎవరికీ తెలియదు.

పిల్లల_డాక్టరు
దొడ్డి మురికిగా ఉంటే పిల్లలు పూర్తిగా కూర్చోకుండా సగం వంగి పోస్తారు. వెస్టర్న్ సీటు మీద అయితే మరీ. తొడలు బిగిసి ఉంటే అడుగు కండరం వదలదు, సగం మిగిలిపోతుంది. ఇండియన్ బేసిన్ మీద పాదాలు పూర్తిగా ఆనించి కూర్చుంటే నయం. అంటే శుభ్రత అనేది వాసన గొడవ మాత్రమే కాదు.

పీఈటీ_సారు
శుభ్రత ఎవరు చెయ్యాలన్నదే కదా అసలు తగువు. పిల్లలతో కడిగించడం వద్దు, ముందే చెబుతున్నా. అది రోజూ ఒకే కులం పిల్లల మీద పడుతుంది చివరికి.

రిటైర్డ్_హెచ్ఎం
నూటికి నూరుపాళ్లు. డబ్బు దారి ఇదీ: ఆంధ్రాలో బడి పిల్లల తల్లులకిచ్చే అమ్మఒడి 15,000 నుంచి 1,000 దొడ్ల నిర్వహణకి తీసేవారు, తర్వాత బడి నిర్వహణ కూడా కలిపి 2,000 చేశారు. 2025లో తల్లికి వందనంలో కూడా తల్లి ఖాతాకి 13,000 వేసి 2,000 పట్టుకున్నారు. ఆ డబ్బు తల్లులదే కాబట్టి ఎంత వచ్చింది, ఆయాకి ఎంత, సామాన్లకి ఎంత అని అడగడానికి కమిటీకి మొహమాటం అక్కర్లేదు.

నల్లా_మేస్త్రి
తెలంగాణల 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా ఇస్తున్నరు. పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 దాకా.

చిటికెనవేలు
ఆంధ్రాలో టీచర్లు రోజూ దొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించిన రోజులు గుర్తున్నాయా? ఫోను గ్యాలరీ తెరిస్తే పెళ్లి ఫొటోల మధ్య బేసిన్లు.

లెక్కల_మాస్టారు
గుర్తు చేయకండి.

నల్లా_మేస్త్రి
కడిగే టైము మార్చండి. పొద్దున 8:30కి కడిగితే 10:30 బెల్లు దాకనే శుభ్రం. ఇంటర్వెల్ అయినంక ఒకసారి నీళ్లు కొట్టి తుడవాలె, భోజనం బెల్లు అయినంక మళ్ల. బ్రష్షుతో గట్టిగ కడుగుడు సాయంత్రం పిల్లలు పోయినంక. క్లీనరు పోసి 10, 15 నిమిషాలు వదిలి అప్పుడు రుద్దాలె.
యాసిడ్ వద్దు. టైల్స్ నడుమ సిమెంటు తింటది, సెప్టిక్ ట్యాంకుల పనిచేసే క్రిములను చంపుతది, ట్యాంకు తొందరగ నిండుతది. యాసిడ్ గానీ బాత్రూమ్ క్లీనర్ గానీ బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాసు లేస్తది. తలుపు మూసిన చిన్న గదిల ఆయమ్మ ఊపిరాడక పడిపోతది. ఒకటి వాడినంక మస్తు నీళ్లు కొట్టి, ఆరినంకనే రెండోది.

ఎస్ఎంసి_అమ్మ
ప్యాడ్ల సంగతి? బేసిన్ మూసుకుపోయిందని ఒక దొడ్డికి తాళమేశారు. దాన్ని కలుపుకుంటే ఆరు ఉండాల్సింది.

నల్లా_మేస్త్రి
వెదురు బద్ద, యాసిడ్ పెట్టి పొడిస్తే ప్యాడ్ ఇంకా లోపలికి పోతది. ట్రాప్ వంపుల ఇరుక్కుంటది, నీళ్లకు ఉబ్బుతది. కొక్కెం కట్టిన స్ప్రింగు వైరు తిప్పుకుంట పోనిచ్చి వెనక్కి గుంజాలె. రాకుంటే బయట చాంబరు మూత తీసి అటు నుంచి చూడాలె. గంట పని. దానికి తాళమేసి ఎన్ని నెలలైందో అడగండి.

ఒకటో_తరగతి_టీచరమ్మ
బేసిన్‌లో వేసేది చెత్తబుట్ట లేకే. ప్రతి దొడ్డి లోపల కాలితో తొక్కితే తెరుచుకునే మూత బుట్ట, గోడకి పాత పేపరు ముక్కల సంచి. బుట్ట బయట వరండాలో పెడితే ఎవరూ చేత్తో పట్టుకుని రారు. బుట్ట రోజూ ఖాళీ అవ్వాలి. 2021లో ఆంధ్రాలో స్వేచ్ఛ పథకం కింద ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా నెలకి 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు, ఆలోచన మంచిదే. మార్చుకునే చోటు లేకపోతే ప్యాడ్ ఇచ్చి ఏం లాభం? నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి, అంటే బడి వేళలో కనీసం ఒకసారి. ఆ పిల్లని "ఎందుకు" అని క్లాసులో అడగకూడదు. పాస్ పద్ధతిలో ఆ ప్రశ్నే ఉండదు, నాకు నచ్చింది అందుకే.

డాలస్_నాన్న
చట్టం వైపు నుంచి ఏమైనా పట్టు ఉందా అక్కడ?

రిటైర్డ్_హెచ్ఎం
ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేర్వేరు మరుగుదొడ్లు తప్పనిసరి. సెక్షన్ 17 శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ నిషేధిస్తుంది. పిల్ల అవసరమని వేడుకుంటున్నా పంపకుండా, తడిపాక నిలబెట్టి నవ్వించడం అందులోకి రాదని ఎవరైనా వాదించమనండి చూద్దాం. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అన్ని బళ్లలోనూ ఆరు నెలల్లో దొడ్లు, నీళ్లు ఏర్పాటు చేయాలని చెప్పింది.
కానీ ఎస్ఎంసి అమ్మా, శనివారం చట్టంతో మొదలెట్టకండి. హెచ్ఎం బిగుసుకుంటారు. మాస్టారి 80 అంకెతో మొదలెట్టండి. చట్టంలో మీకు పనికొచ్చేవి సెక్షన్లు 21, 22. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లుండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాసేది కూడా కమిటీయే. మూత్రశాలల వరుస, రెండో ట్యాంకు ఆ ప్రణాళికలో రాయించి, మినిట్స్‌లో తీర్మానంగా ఎక్కించి, సంతకాలు పెట్టించి ఒక కాపీ మీరు ఉంచుకోండి. మాటగా అడిగింది సోమవారానికి ఉండదు.

ఎస్ఎంసి_అమ్మ
రాసుకున్నది చూడండి, తప్పులుంటే చెప్పండి.
ఈ వారంలో: గడియ, మూడు కుళాయిలు, తాళమేసిన దొడ్డి, 11:30కీ 1:30కీ మోటరు, ఆరు మూత బుట్టలు. రాబోయే నెలలో: బెల్లు రెండుగా, తరగతికి రెండు చెక్క పాసులు, రూలు రద్దు, ఆయా కడిగే వేళలు గోడ మీద. ప్రణాళికలో: ఆరు మూత్రశాలలు, 2,000 లీటర్ల ట్యాంకు, ఫ్లోట్ స్విచ్, దొడ్డికో వాల్వు.

లెక్కల_మాస్టారు
"రూలు రద్దు" అని రాయకండి. టీచర్లకి తల కొట్టేసినట్టుంటుంది, ఓటు వేయరు. "పాస్ పద్ధతి ప్రవేశపెట్టడమైనది" అని రాయండి. అదే పని అవుతుంది.

చిటికెనవేలు
ఈ మాస్టారు మొదటి పోస్టు మాస్టారేనా?

పిల్లల_డాక్టరు
డాక్టరు ఉత్తరం ఉన్న పిల్లలకి పాస్ ఖాళీ లేకపోయినా వెళ్లే వీలుండాలని ఒక్క వాక్యం కలపండి.

ఎస్ఎంసి_అమ్మ
కలిపాను. మేస్త్రి గారూ, గడియ ఏ సైజు తీసుకోవాలి? రేపు సంతకి వెళ్తున్నా.

నల్లా_మేస్త్రి
ఆరు ఇంచులది, స్టీలుది. అల్యూమినియం వంగుతది. తలుపు చెక్కదైతే స్క్రూలు ఇంచున్నర పొడుగువి అడగండి, డబ్బాల వచ్చే చిన్నవి నెలల ఊడుతయి. పీవీసీ తలుపైతే స్క్రూ నిలవదు, ఆర్‌పార్ బోల్టు నట్టు వెయ్యాలె. ఏ తలుపో ముందు చూసి చెప్పండి.

ఎస్ఎంసి_అమ్మ
పీవీసీ.

నల్లా_మేస్త్రి
అయితే సంతల వద్దు, హార్డ్‌వేర్ షాపుకు పోండి. నట్లు లోపలి వైపు రాకుండ చూసుకోండి, పిల్లల చున్నీలు చిక్కుతయి.